ఇంటి తెరయెదుట



గతమాసమున ఈ శీర్షికలో ఆవకాయ జాడీల సంగతి ముచ్చటించితిమి. ఈ మాసము వంటయింటి గడప దాటి ముందుగదిలోనికి వచ్చి కూర్చుండుడు. సినిమాలను గూర్చి నాలుగు మాటలు చెప్పుకొందము. కుటుంబ పత్రికలో సినిమాలేల యని కనుబొమలు ముడుచు పెద్దలు కొందరుందురు. సినిమా వీథిలో నున్నంతకాలము వారి మాట కొంత చెల్లినది. ఇప్పుడది ఇంటిలోనికి వచ్చి, గోడకు వ్రేలాడి, మనము పప్పు ఏరుకొనుచున్నప్పుడు సైతము మనతో మాటలాడుచున్నది. ఇంటిలోనికి వచ్చిన చుట్టమెట్టివాడో కనుగొనుట గృహిణి పనియే కదా.

మా వీథిలోని స్త్రీలము ఏడుగురము, ఇంచుమించు ఒక సంవత్సరమునుండి, ప్రతి బుధవారము మధ్యాహ్న భోజనములైన పిమ్మట ఎదురింటి వదినగారి ముందుగదిలో చేరి, ఒక వారము పాత చిత్రమును, ఒక వారము క్రొత్త చిత్రమును చూచుచున్నాము. వదినగారి కుమారుడు గోడంత టెలివిజను కొని పెట్టినాడు. అతడు చూచునది క్రికెట్టు మాత్రమే గనుక పగటివేళ అది మాకు దక్కినది. మాలో ఎనుబది దాటిన మామ్మగారొకరు. పాఠశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి తీసికొనిన పంతులమ్మగారొకరు. డాబా యింటి పిన్నిగారు, మందుల దుకాణపువారి అక్కగారు, ఇల్లుగల వదినగారు. వదినగారి కోడలు నిరుడు కాపురమునకు వచ్చినది. ఇంటనుండియే కంప్యూటరుపై కొలువు చేసికొనుచు, ఆ పూట పనిని ఉదయమే ముగించుకొని వచ్చి గడపప్రక్కన కూర్చుండును. ఏడవవారము మేము.

మాది తెనాలి. ఈ యూరివారికి సినిమా పిచ్చి యెక్కువ యని పొరుగూళ్లవారందురు. అందుకు కారణము లేకపోలేదు. నాగిరెడ్డిగారితో కలిసి విజయా చిత్రములను నడపిన చక్రపాణిగారు ఈ యూరివారే. జమునగారు పెరిగిన దుగ్గిరాల మాకు కూతవేటు దూరమున నున్నది. సావిత్రిగారు పుట్టిన చిర్రావూరు మా జిల్లాలోనిదే. కావున 'మిస్సమ్మ'యో 'గుండమ్మ కథ'యో తెరమీదికి వచ్చినప్పుడు మా మామ్మగారు సినిమా చూచువారివలె కూర్చుండరు. పొరుగింటి పెండ్లికి వచ్చినవారివలె కూర్చుందురు. "అదిగో, సావిత్రి ముఖము చిన్నబోయినది, ఇప్పుడు చూడు" అని ముందే చెప్పివేయుదురు. పంతులమ్మగారు కసరుకొందురు. ఇది ప్రతివారము జరుగునదే.

మామ్మగారి చిన్ననాట సినిమాకు పోవుట యనగా ఒక తీర్థయాత్ర. 1957లో 'మాయాబజార్' చూచుటకు, పదునాలుగేండ్ల పిల్లగా, పల్లెనుండి ఎడ్లబండిలో పండ్రెండుమందితో బయలుదేరి, పులిహోర మూట కట్టుకొని, బండిక్రింద లాంతరు వ్రేలాడగట్టుకొని పోయిరట. హాలులో ఆడువారి తరగతి వేరు. ప్రక్కవారి చంటిపిల్ల యేడ్చిన సగము మాటలు వినబడవు. తిరిగివచ్చునప్పుడు బండిలో మగవారు ఘటోత్కచుని గదను గూర్చియు, వివాహ భోజనమును గూర్చియు చెప్పుకొనుచుండగా ఆడువారు నిద్ర నటించిరట. "ఏ బొమ్మకు పోవలెనో మగవారు నిశ్చయింతురు. ఎప్పుడు పోవలెనో అత్తగారు నిశ్చయించును. ఏడ్చుట యొక్కటి మన వంతు" అని మామ్మగారు నవ్వుచు చెప్పిన మాట మా గోష్ఠిలో సామెతయైనది.

ఆ తరువాతి కథ మీకును తెలిసినదే. 1977లో హైదరాబాదున దూరదర్శన్ కేంద్రము వెలసిన పిమ్మట, టెలివిజను గల ఇంటి వసారాలో వీథి వీథియే చాపలు పరచుకొని కూర్చుండెడిది. 1980 దాటిన పిమ్మట వీడియో క్యాసెట్లు అద్దెకు వచ్చినవి. 1995లో తెలుగు ఛానళ్లు పుట్టి పాత చిత్రములను మధ్యాహ్నవేళ వడ్డింపసాగినవి, కాని పాటలను కోసి, ఆ సందున సబ్బుల ప్రకటనలను పెట్టి వడ్డించినవి. 2020 మార్చిలో కరోనా వచ్చి హాళ్లు మూతపడగా, క్రొత్త చిత్రములే నేరుగా ఇండ్లలోనికి దిగినవి. ఎడ్లబండి యెక్కి పోయిన మామ్మగారు నేడు మంచముమీదనుండి లేవకయే చిత్రమును ఆపవచ్చును, వెనుకకు త్రిప్పవచ్చును.

ఆపుట యన్నమాట వచ్చినది గనుక ఒక ముచ్చట చెప్పవలెను. మేము మొట్టమొదట చూచినది 'మిస్సమ్మ' (1955). మూడుగంటల చిత్రము. ముగిసినపిమ్మట కోడలుపిల్ల మెల్లగా, "మనము 11 మారులు ఆపితిమి, వ్రాసిపెట్టితిని" అనెను. గ్యాసు బండ వచ్చినదని యొకమారు, కొరియరువాడు వచ్చెనని యొకమారు, పిన్నిగారి భర్త తన కళ్లజోడు కనబడుటలేదని ఫోను చేసెనని రెండుమారులు, పాలు పొంగునేమో యని యొకమారు. చిత్రములోని మాటను మరల వినుటకు ఒక్కమారైనను ఆపలేదు. పదునొకండు మారులును లేచినది ఎవరో ఒక ఇల్లాలే. ఆ దినముననే నియమము పెట్టుకొంటిమి: ఫోనులన్నియు ఒక స్టీలు డబ్బాలో వేసి మూత పెట్టవలెను. పిన్నిగారి కళ్లజోడు సమస్య మరుసటి వారమునుండి ఏమైనదో మాకు తెలియదు. ఆయన తామే వెదకికొనుట నేర్చియుందురు.

'మిస్సమ్మ'ను గూర్చి అభిప్రాయభేదము లేదు. తల్లిదండ్రుల అప్పు తీర్చుటకై, పరిచయము లేని యువకునితో భార్యాభర్తలమని చెప్పుకొని ఉద్యోగమునకు పోయిన ఆ బి.ఏ. చదివిన పిల్ల, ఆద్యంతము ముక్కుమీద కోపముతో నుండును. ఆ కోపమునకు ఎక్కడను సంజాయిషీ చెప్పుకొనదు. ఈ పాత్రకు మొదట భానుమతిగారిని అనుకొని పిమ్మట సావిత్రిగారి కిచ్చిన సంగతి అందరికిని తెలిసినదే. భానుమతిగారైన ఆ కోపము సహజముగా నుండెడిదని పంతులమ్మగారి మతము. సావిత్రి కోపములో జాలి కలిసినదనియు, అదియే అందమనియు మామ్మగారి మతము. ఇద్దరును నిజమే చెప్పిరని మాకు తోచినది.

తగవు వచ్చినది 'గుండమ్మ కథ' (1962) దగ్గర. ఈ చిత్రమును మాలో పదిమారులకు తక్కువ చూచినవారు లేరు. సూర్యకాంతముగారి గుండమ్మ, సవతికూతురు లక్ష్మిని పనిమనిషికన్న హీనముగా చూచుటయు, సొంతకూతురు సరోజను గారాబముచేసి చెడగొట్టుటయు, మారువేషములతో వచ్చిన అన్నదమ్ములు ఇద్దరు ఈ అక్కాచెల్లెండ్రను పెండ్లాడి ఇల్లు చక్కదిద్దుటయు మీరెరిగిన కథయే. సరోజ పొగరు అణచుటకు భర్త బీదవానివలె నటించి, ఆమెచే తోటలో మట్టిపని చేయించు ఘట్టము వచ్చినప్పుడు మేమందరము ఎప్పటివలెనే నవ్వితిమి. కోడలుపిల్ల నవ్వలేదు.

"ఆమె పొద్దెక్కినదాక నిద్రపోయినది, అంతియే కదా. దానికి ఇంత శిక్షయా? ఆయన అబద్ధము చెప్పి పెండ్లి చేసికొనెను, ఆయనకు శిక్ష లేదా?" అని అడిగినది.

మాకు వెంటనే జవాబు తోచలేదు. జమునగారు ఆ పాత్రను ఎంత ముద్దుగా నటించినను, ఆ ప్రశ్న ప్రశ్నగానే మిగిలినది. వదినగారు, "సినిమా కదమ్మా" అనిరి. అప్పుడు పంతులమ్మగారు మరియొక మెలిక వేసిరి. గుండమ్మ విధవరాలు, ఇల్లును ఆస్తియు ఆమె చేతిలో నున్నవి, లెక్క ఆమెయే చూచుకొనును. పురుషుడైన ఆ గుణమునకే 'గట్టివాడు' అను పేరు వచ్చెడిది, ఆడుదానికి 'గయ్యాళి' అను పేరు వచ్చినది అని ఆమె వాదము. సవతికూతురిని అట్లు బాధించుట మాటేమి యని అక్కగారడిగిరి. అది తప్పే, కాని చిత్రము నవ్వినది ఆ తప్పునకు మాత్రమే కాదు అని పంతులమ్మగారనిరి. మాటకు మాట పెరిగి చల్లారిన కాఫీని మరల వేడిచేయవలసివచ్చినది. ఆ చిత్రములో రుబ్బురోలుకడ లక్ష్మికి సాయపడిన పనివాని వేషము వేసిన రామారావుగారే తరువాత ముఖ్యమంత్రి కాగా, ఆయన హయాములో ఆడుపిల్లకు పిత్రార్జితములో కొడుకుతో సమానముగా హక్కు నిచ్చు చట్టము 1986లో వచ్చినదని పంతులమ్మగారు కొసమెరుపుగా చెప్పిరి. అక్కగారు ఏమియు అనలేదు. ఆ మౌనమునకు అర్థము మాకు మూడు వారములకు గాని తెలియలేదు.

మూడు వారములకు 'బలగం' చూచితిమి. 2023లో వచ్చినది. తెలంగాణ పల్లెలో ఒక పెద్దాయన మరణించిన పిమ్మట పదునొకండు దినములలో ఆ యింట జరిగిన కథ. కొన్ని మాటలు మా కోస్తావారికి మొదట పట్టుపడలేదు. పావుగంటలో చెవి అలవాటుపడినది. పెట్టిన పిండమును కాకి ముట్టదు, ఊరివారు గుసగుసలాడుదురు. కాకి ముట్టకపోవుటకు కారణమేమన, ఎప్పుడో ఒక విందులో అల్లునికి నల్లిబొక్క వడ్డింపలేదని మాట పట్టింపు వచ్చి, కూతురికి ఇరువదియేండ్లు పుట్టిల్లు లేకుండపోయినది. ఎముకముక్క గురించి తగవేమని మొదట నవ్వుకొంటిమి. కడపట శారద కథలు చెప్పు దంపతులు వచ్చి పాడునప్పుడు ఎవ్వరము ఎవ్వరి ముఖమును చూచుకొనలేదు.

అక్కగారు చిత్రము ముగియకముందే లేచిరి. స్టీలు డబ్బా మూత తీసి తమ ఫోను తీసికొని వాకిటిలోనికి పోయిరి. పొలము పంపకమున తన వాటా అడిగిన నాటినుండి, తొమ్మిదేండ్లుగా, ఆమెకు అన్నగారి ఇంటికి రాకపోకలు లేవట. వాకిట నిలుచుండి పదినిమిషములు మాటలాడిరి. ఏమనిరో మేమడుగలేదు, ఆమెయు చెప్పలేదు. నియమము తప్పినందుకు జరిమానా వేయవలెనని మాత్రము ఎవ్వరును అనలేదు.

క్రొత్త చిత్రములన్నియు మాకింతగా హత్తినవని చెప్పజాలము. చాలవానిలో తుపాకి ప్రేలుళ్లతో తలనొప్పి వచ్చి సగములో ఆపివేసితిమి. వాని పేర్లు వ్రాసి కాగితము పాడుచేయనేల? 2018లో వచ్చిన 'మహానటి' నచ్చినది. సావిత్రిగారి పాత్ర ధరించిన కీర్తి సురేశ్ గారికి జాతీయ పురస్కారము వచ్చిన చిత్రమిది. మామ్మగారు మాత్రము రెండవమారు చూడనిరి. "ఆ పిల్ల బాగుగనే చేసినది. నేను అసలు సావిత్రిని చూచినదానను" అనిరి. 'మాయాబజార్'కు 2010లో కంప్యూటరుతో రంగులు వేసి, నిడివి కొంత తగ్గించి విడుదల చేసిరి గదా, దానిని పెట్టబోవగా కూడ ఆమె ఒప్పలేదు. నలుపు తెలుపులలోనే వెన్నెల వెన్నెలగా నున్నదట. శశిరేఖ రూపమున నున్న ఘటోత్కచునిగా సావిత్రిగారు భుజములు విరిచి నడచుటను వెనుకకు త్రిప్పి నాలుగుమారులు చూచితిమి. ఇది ఎడ్లబండి దినములలో లేని భాగ్యము.

మలయాళ చిత్రమొకటి చూచితిమి: 'ది గ్రేట్ ఇండియన్ కిచెన్', 2021లో వచ్చినది. మాకు ఆ భాష రాదు. అడుగున పడు ఇంగ్లీషు అక్షరములను కోడలుపిల్ల చదివి చెప్పినది. చెప్పవలసిన మాటలును తక్కువయే. క్రొత్తగా కాపురమునకు వచ్చిన ఇల్లాలు కూరలు తరుగును, పచ్చడి నూరును, అంట్లు తోమును, ఎంగిలి మెతుకులెత్తును. గిన్నెలు తోము తొట్టి క్రింద గొట్టము కారుచుండును, బాగుచేయించుమని ఆమె చెప్పుచుండును, భర్త మరచుచుండును. మామగారు పెద్దమనిషియే, మాట మెత్తనిదే. అన్నము కట్టెలపొయ్యిమీద వండినదే కావలెననును, బట్టలు యంత్రములో వేయవద్దనును. అరగంట చూచి మామ్మగారు, "ఇందులో కథ యేమున్నదే? ఇది మా యింటి దినచర్యయే కదా" అనిరి. ఎవ్వరును బదులు చెప్పలేదు. ఇంకొక అరగంటకు ఆమెయే, "అరువదియేండ్లు చేసితిని. ఇట్లు కూర్చుండి చూచిన యెంత పనియో" అనిరి. చిత్రము ముగిసిన పిమ్మట కాఫీ గ్లాసులు ఎవరు కడుగవలెనను విషయమున కొంత తడబాటు కలిగినది. ప్రతివారమును కోడలుపిల్లయే కడుగుచుండెను. ఆ దినము ఎవరి గ్లాసు వారు కడిగితిమి.

ఇక్కడ ఒక చిన్న ప్రక్కదారి. పాత చిత్రములన్నియు దొరకునని భ్రమపడకుడు. మన మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చినది, హెచ్. ఎం. రెడ్డిగారు తీసిరి, లీలావతిగా సురభి కమలాబాయిగారు నటించిరి. నేడు దానిని చూతమన్న ఒక్క ప్రతియు లేదు. ఆ దినముల ఫిల్ము ఇట్టే అంటుకొని కాలిపోవు స్వభావము కలది. ఎండకును తడికిని చెడునది. దానిలోని వెండికొరకు కరగించినవారును కలరు. చిత్రములను భద్రపరచుటకు పూనాలో జాతీయ భాండాగారము 1964లో వెలసినది, కాని అప్పటికే ఎన్నియో పోయినవి. మామ్మగారి తల్లి పండ్రెండేండ్ల పిల్లగా ఆ 'ప్రహ్లాద'ను చూచినదట. బొమ్మ మాటలాడుట చూచి పెద్దవాండ్రు దండములు పెట్టిరనియు, తనకు మాత్రము విసుగు పుట్టి నిద్రపోతిననియు కూతురితో చెప్పినదట. చిత్రము లేదు, ఆ పండ్రెండేండ్ల పిల్ల విసుగు మాత్రము మాదాకా వచ్చినది. ఆడువారి అభిప్రాయములు ఎవ్వరును వ్రాసిపెట్టలేదు గదా యని కోడలుపిల్ల నాటినుండి ఒక నోటుపుస్తకము పెట్టినది. ఈ శీర్షికకు ఆధారమదియే.

ఇక మీతో చెప్పదలచిన అసలు సంగతి. పోయిన నెల మేము 'పెళ్ళి చేసి చూడు' పెట్టితిమి. 1952 నాటిది, చక్రపాణిగారి రచన, ఎల్. వి. ప్రసాదుగారి దర్శకత్వము. కట్నముమీద మన సినిమా చేయి చేసికొనుట అప్పటికి క్రొత్త కాదు. 1939లోనే కాళ్లకూరి నారాయణరావుగారి 'వర విక్రయం' నాటకమును సి. పుల్లయ్యగారు చిత్రముగా తీసిరి. భానుమతిగారు తొలిసారి నటించినది అందులోనే. కొనిన వరుని చేసికొనలేక ప్రాణము తీసికొను కాళింది ఆమెయే. 'పెళ్ళి చేసి చూడు'లో చావులు లేవు, అంతయు నవ్వే. కట్నపు సొమ్ము ముట్టలేదని పెండ్లికుమారుని తండ్రి, పీటలమీదనుండి కుమారుని లేవదీసికొనిపోవును. కుమారుడు పిచ్చి పట్టినట్లు నటించును. పెండ్లికూతురు నర్సు వేషమున అత్తవారింట జొరబడి మామగారి మెప్పు పొందును. ఈ చిత్రము వచ్చిన తొమ్మిదేండ్లకు, 1961లో, వరకట్న నిషేధ చట్టము వచ్చినది.

ఆ దినమున అందరికన్న ఎక్కువగా నవ్వినవారు డాబా యింటి పిన్నిగారు. ఆమె కుమారునికి సంబంధము కుదిరిన వారమది. మామగారు పీటలకడ రుసరుసలాడు ఘట్టమున ఆమె కొంగు నోటికి అడ్డము పెట్టుకొని మరీ నవ్విరి. అప్పుడు మామ్మగారు, ఏ కల్మషమును లేని కంఠముతో, "అయితే అమ్మాయీ, మీ వియ్యాలవారు ఎంతకు ఒప్పుకొనిరే?" అని అడిగిరి.

చిత్రము నడచుచునే యున్నది. పిన్నిగారి నవ్వు ఆగినది. "మేమేమియు అడుగలేదండీ. వారే ఇచ్చుకొనుచున్నారు. వారి అమ్మాయికి వారు పెట్టుకొందురు. మనము వద్దన్న బాగుండునా? కారొకటి, ఆ విజయవాడ రోడ్డుమీది స్థలమొకటి. లాంఛనములు మామూలే" అనిరి.

"మా నాన్నగారును ఇచ్చుకొనిరి పిన్నిగారూ" అని గడపప్రక్కనుండి కోడలుపిల్ల అనెను. గొంతు పెంచలేదు. "ఇప్పటికిని ఇచ్చుకొనుచున్నారు. నెల నెలా అయిదవ తేదీన బ్యాంకువారికి."

సోదరీమణులారా, ఆ పిల్ల అత్తగారు అదే గదిలో, అదే సోఫామీద కూర్చుండియున్నారు. చెడ్డమనిషి కాదు. కోడలికి ఒంటిలో నలతగా నున్ననాడు తానే వండి పెట్టునది. ఆమె లేచి, అందరము అప్పుడే త్రాగిన కాఫీని మరల పెట్టుటకు వంటయింటిలోనికి పోయిరి. తెరమీద రామారావుగారు పిచ్చివానివలె గంతులు వేయుచుండిరి. ఎవ్వరును నవ్వలేదు, ఎవ్వరును ఆపలేదు.

మేము కూడ నోరు మెదపలేదు. అందుకు కారణము మీముందు ఒప్పుకొనవలెను. ముప్పదియేండ్ల క్రిందట మా తమ్ముని వివాహమున ఆడుపిల్లవారికి పంపిన జాబితా మా చేతివ్రాతయే. వెండికంచములు ఎన్ని, మంచము ఏ కొయ్యది, ఆడుపడుచు లాంఛనము ఎంత యని ముత్యములవంటి అక్షరములతో వ్రాసితిమి. చదువుకొనినవారము గనుక ఆ పని మాకు ఒప్పగించిరి. ఇన్నేండ్లుగా ఈ శీర్షికలో కట్నములను గూర్చి రెండు మూడు పర్యాయములు ఘాటుగనే వ్రాసియున్నాము. ఆ జాబితా మాట ఎన్నడును వ్రాయలేదు.

మరుసటి బుధవారము వదినగారి ఇంట చుట్టములు వచ్చిరనిరి. చిత్రము లేదు. వచ్చినదో లేదో మేము తొంగిచూడలేదు. అక్కగారు మాత్రము సాయంకాలము మా యింటికి వచ్చి, ఆ పిల్ల అట్లు నలుగురిలో అనకుండ నుండవలసినదని అనిరి. నలుగురిలో కాక ఎక్కడ అనును, నాలుగు గోడలమధ్య పండ్రెండు నెలలు అనకయే యుండెను గదా యని మేమంటిమి. ఆమె కొంతసేపు కూర్చుండి, తమ అన్నగారు పండుగకు రమ్మనిరని చెప్పి పోయిరి.

ఆ పైవారము మధ్యాహ్నము కోడలుపిల్లయే ఇంటింటికి వచ్చి పిలిచినది. పోయి చూతుము గదా, స్టీలు డబ్బా బల్లమీద సిద్ధముగా నున్నది. వదినగారు సోఫామీద జరిగి, కోడలిని గడపకడనుండి పిలిచి ప్రక్కన కూర్చుండబెట్టుకొనిరి. అత్తాకోడండ్ర నడుమ ఏమి మాటలు జరిగినవో మాకు తెలియదు. అయిదవ తేదీ సంగతి ఏమైనదో అంతకన్న తెలియదు. వదినగారి కండ్లు కొంచెము ఉబ్బియుండినవి. కోడలి ముఖము ఎప్పటివలెనే యున్నది.

పిన్నిగారు రారనుకొంటిమి. అందరికన్న ఆలస్యముగా, సున్నియుండల పళ్లెముతో వచ్చిరి. లగ్నపత్రిక యింకను వ్రాసికొనలేదట. మంచిరోజు కుదరక కాదట. స్థలము మాట మరల ఆలోచించుకొనవలెనని కుమారుడు పట్టుపట్టినాడట. వానికి ఎవరు చెప్పిరో అని ఆమె మా ముఖములవంక చూచిరి. మేము చెప్పలేదు. చెప్పినదెవరో మాకు తెలియదు. మామ్మగారు సున్నియుండ కొరుకుచు, నేయి చాలలేదనిరి.

ఆ దినము ఏ చిత్రము చూడవలెనని కొంత తర్జనభర్జన జరిగినది. పిన్నిగారు 'మిథునం' అడిగిరి. 2012లో తనికెళ్ల భరణిగారు తీసినది, శ్రీరమణగారి కథ. ఇద్దరే మనుష్యులు, బాలసుబ్రహ్మణ్యముగారును లక్ష్మిగారును. ఒక పాత ఇల్లు, ఒక తోట. చిత్రమంతయు వండుకొనుటయు, తినుటయు, దెప్పుకొనుటయు, మరల కలిసికొనుటయు. తాను ముందుపోయిన ఈయనకు జరుగదు గనుక ఆయనయే ముందు పోవలెనని ఆ భార్య కోరుకొనును. ఆ మలయాళ చిత్రములోని వంటయిల్లును వంటయిల్లే, ఇదియు వంటయిల్లే, రెండును అబద్ధము కాదని పంతులమ్మగారనిరి. "ఈయన తోటపనియు ఇంటిపనియు చేయును గదండీ" అని కోడలుపిల్ల అనెను. "చేసినదానికి పదిరెట్లు చెప్పుకొనును" అని మామ్మగారు. నవ్వితిమి. నోటుపుస్తకములో ఆ మూడు మాటలును ఎక్కినవి.

మధ్యలో వీథి తలుపు గంట మ్రోగినది. రెండుమారులు మ్రోగినది. వదినగారు లేవబోయి, మరల కూర్చుండిరి. కుమారుడు లోపలి గదినుండి వచ్చి, మాయందరి కాళ్లు దాటుకొనుచు పోయి, గ్యాసు బండ దింపించుకొనెను.

మీ మీ యిండ్లలో మీరు చూచిన పాత చిత్రములను, క్రొత్త చిత్రములను గూర్చి మాకు వ్రాయుడు. ఎవరితో కూర్చుండి చూచితిరో, ఎవరేమనిరో కూడ వ్రాయుడు, పేర్లు ప్రకటింపము. వచ్చు బుధవారము 1951 నాటి బి. ఎన్. రెడ్డిగారి 'మల్లీశ్వరి'. మూడుగంటలకు తక్కువ చిత్రము కాదు గనుక ఒంటిగంటకే భోజనములు ముగించుకొని రమ్మని వదినగారు కబురంపిరి.